బ్రెస్ట్ పంప్ కొనబోతున్నారా? అపోహలు - వాస్తవాలు

సీమంతం అయిన దగ్గర్నుంచి ఉయ్యాల, దోమతెర, డైపర్లతో పాటు తల్లిపాలు తీసే బ్రెస్ట్ పంప్ కూడా కొనాల్సిన వాటిలో చేరిపోతోంది. విశాఖలో పాలిచ్చే తల్లులకు కౌన్సెలింగ్ చేసే నర్సుని నేను. తొలి కాన్పు అమ్మాయిలు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, ఏ కంపెనీది మంచిది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఎందుకు కావాలమ్మా?" దానికి జవాబు ఉంటే ఏ రకం కొనాలో వెంటనే తేలిపోతుంది. జవాబు లేదంటే ఇంకా కొనే అవసరం రాలేదన్నమాట.

అపోహ: కాన్పుకి ముందే పంప్ కొని ఉంచుకోవాలి.

బిడ్డ మీ పక్కనే ఉండి, రొమ్ము బాగా పట్టి తాగుతుంటే మొదటి వారాల్లో చాలామందికి పంప్‌తో పనే ఉండదు. మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చిక్కగా, జిగురుగా, చుక్కలు చుక్కలుగా ఉంటాయి. మెషిన్ పెడితే ఆ కాస్తా ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది. చేత్తో పిండితే మాత్రం శుభ్రంగా చెంచాలోకి వస్తుంది. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఇంకోవైపు ఆనించండి. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లనీ దగ్గరికి తెచ్చి వదలండి. వేళ్లు చర్మం మీద జారకూడదు. మీ కాన్పు ఘోషాసుపత్రిలో జరిగినా, కేజీహెచ్‌లో జరిగినా, ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో జరిగినా డిశ్చార్జ్ అయ్యేలోపు అక్కడి నర్సుని అడిగి ఇది నేర్చుకునే వెళ్లండి.

నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్న బిడ్డ సంగతి వేరు. కాన్పయిన మొదటి కొన్ని గంటల్లోనే పాలు తీయడం మొదలుపెట్టాలి. రోజుకి ఎనిమిది సార్లకి తగ్గకూడదు, రాత్రి కూడా మానకూడదు. ముందు చేత్తో మొదలుపెట్టి, పాలు పడ్డాక రెండు రొమ్ములకీ ఒకేసారి పెట్టే ఆసుపత్రి స్థాయి ఎలక్ట్రిక్ పంప్ వాడితే మంచిది. అది కొనడానికి ఖరీదు ఎక్కువ కాబట్టి అద్దెకి దొరుకుతుందేమో ముందు ఆసుపత్రిలోనే అడగండి.

అపోహ: పంప్‌లో ఎన్ని వస్తే నాకు అన్నే పాలు ఉన్నట్టు.

నా దగ్గరికి వచ్చే కన్నీళ్లలో ఎక్కువ భాగం దీనివల్లే. బిడ్డకి పాలిచ్చిన గంటకి పంప్ పెడతారు. సీసా అడుగున ఇరవై మిల్లీలీటర్లు కనిపిస్తాయి. పక్కనున్న పెద్దావిడ "ఇంతేనా?" అంటుంది. ఆ సాయంత్రమే ఇంట్లోకి పాలడబ్బా వస్తుంది. నిజానికి బిడ్డ తాగాక పంప్ చేస్తే రెండు వైపులా కలిపి 15 నుంచి 60 మిల్లీలీటర్లు రావడం మామూలే. పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ రావడమూ మామూలే. బిడ్డ లాగినట్టు ఏ మెషినూ లాగలేదు. పైగా బిడ్డ ఏడుపు వింటేనే పాలు చేపుకు వస్తాయి, మోటారు శబ్దానికి శరీరం అంత త్వరగా స్పందించదు. టెన్షన్‌లో ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. పంప్ చేసేటప్పుడు బిడ్డని ఒళ్లో పెట్టుకోండి, లేదా ఫోన్‌లో బిడ్డ వీడియో చూడండి. సీసా వైపు మాత్రం చూడకండి, దానికి ఒక గుడ్డ కప్పేయండి.

పాలు చాలుతున్నాయో లేదో బిడ్డే చెబుతుంది. ఐదో రోజు దాటాక రోజుకి ఆరు సార్లకి తగ్గకుండా మూత్రం పోయాలి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి మళ్లీ రావాలి. అలా లేకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

అపోహ: ఖరీదైన పంప్, గట్టిగా లాగే పంప్ పెడితే పాలు ఎక్కువ వస్తాయి.

గట్టిగా పిండిన కొద్దీ రసం రావడానికి రొమ్ము చెరకు గడ కాదు. నొప్పి పుట్టేలా లాగితే పాలు చేపడం ఆగిపోతుంది, చనుమొన వాచిపోతుంది. మీకు ఇబ్బంది లేని చోట సెట్టింగ్ ఆపేయండి. ముందు చిన్నగా, త్వరత్వరగా లాగే మోడ్‌తో మొదలుపెట్టి, పాలు చేపాక నిదానంగా, లోతుగా లాగే మోడ్‌కి మార్చండి. అంతకు మించిన కిటుకు లేదు.

పాల పరిమాణాన్ని నిజంగా మార్చేది ఫ్లాంజ్ సైజు. ఫ్లాంజ్ అంటే రొమ్ముకి ఆనించే గరాటు ఆకారం భాగం. చాలా పెట్టెల్లో 24 మిల్లీమీటర్లదే వస్తుంది, అది అందరికీ సరిపోదు. పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలుతో చనుమొన వెడల్పు కొలవండి. నల్లటి వలయాన్ని కొలతలో కలపకండి. ఆ కొలతకి సమానంగానో, రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగానో ఉన్న సైజు తీసుకోండి. చనుమొన గొట్టం గోడలకి రాసుకుంటుంటే సైజు చిన్నదైనట్టు. వలయం కూడా లోపలికి పోతుంటే పెద్దదైనట్టు. పంప్ కొనేటప్పుడు 17, 19, 21 మిల్లీమీటర్ల ఇన్సర్ట్‌లు (ఫ్లాంజ్ లోపల పెట్టి సైజు తగ్గించే ముక్కలు) ఆ మోడల్‌కి విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే అది కొనకండి.

రెండోది వాల్వ్. మధురవాడ నుంచి వచ్చిన ఒక అమ్మాయి పంప్ పాడైందని, కొత్తది ఆర్డర్ పెట్టబోతున్నానని చెప్పింది. బాతుముక్కులా ఉండే ఆ చిన్న సిలికాన్ వాల్వ్ ఊడదీసి కిటికీ వెలుగులో పట్టి చూస్తే కొసన వెంట్రుకవాసి చీలిక ఉంది. కడిగేటప్పుడు బ్రష్ లోపలికి దోయడం వల్ల అలా చీలుతుంది. వాల్వ్ మార్చగానే పంప్ మళ్లీ మొదటిలా లాగింది. అందుకే నేను ముందు స్పేర్ పార్టుల సంగతే అడుగుతాను, బ్రాండ్ సంగతి ఆ తర్వాత.

రకాల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఎప్పుడైనా ఒకసారి పాలు తీయాలంటే, రొమ్ము గట్టిపడి సలుపుతుంటే చేతి పంప్ చాలు. రోజూ ఉద్యోగానికి వెళ్లేవారికి రెండు వైపులా తీసే డబుల్ ఎలక్ట్రిక్ సమయం మిగులుస్తుంది. లోదుస్తుల్లో పెట్టుకునే వేరబుల్ పంప్ సౌకర్యమే గానీ, దాని ఒక్కదాని మీదే ఆధారపడమని నేను చెప్పను. మందుల షాపుల్లో చవగ్గా దొరికే రబ్బరు బుడ్డి పంప్ మాత్రం వద్దే వద్దు. బుడ్డిలోకి పోయిన పాలు లోపలే పులుస్తాయి, దాన్ని శుభ్రం చేసే దారే లేదు. ఎంత గట్టిగా లాగుతుందో కూడా మన చేతిలో ఉండదు.

అపోహ: అక్క వాడిన పంప్‌ని మరిగించి వాడుకోవచ్చు.

ఓపెన్ సిస్టమ్ పంప్ అయితే వద్దు. పాలు, తేమ ట్యూబుల గుండా మోటారు దాకా వెళ్తాయి. మోటారుని మరిగించలేం కదా. పాలు మోటారు వైపు పోకుండా మధ్యలో అడ్డు ఉండే క్లోజ్డ్ సిస్టమ్ అయినా ఒకరి కోసం తయారైందైతే కంపెనీలు వద్దనే చెబుతాయి. మన సముద్రపు గాలిలో బూజు ఇట్టే పడుతుంది. పాలు తీశాక ట్యూబులో చెమ్మ కనిపిస్తే ట్యూబుని ఫ్లాంజ్ నుంచి ఊడదీసి, చెమ్మ ఆరేదాకా మోటారు నడపండి. పాలు తగిలే భాగాలు వాడిన ప్రతిసారీ విడదీసి, సింకులో కాకుండా విడిగా పెట్టుకున్న గిన్నెలో సబ్బు, వేడినీళ్లతో కడిగి గాలికి ఆరబెట్టండి.

అపోహ: ఫ్రిజ్‌లో పెట్టిన తల్లిపాలు తాగితే జలుబు చేస్తుంది, పాలు విరిగిపోతాయి.

ఫ్రిజ్‌లో పెట్టాక మీగడ పైకి తేలి పాలు రెండు పొరలుగా కనిపిస్తాయి. విరిగిపోవడం కాదది, మెల్లగా తిప్పితే కలిసిపోతాయి. గది 25 డిగ్రీలు, ఆ లోపు ఉంటే తీసిన పాలు నాలుగు గంటలు ఉంటాయి. మన వేసవిలో ఏసీ లేని గది అంత చల్లగా ఎక్కడుంటుంది? తీసిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరల్లో కాకుండా లోపలి వైపు పెట్టండి, నాలుగు రోజుల వరకు వాడవచ్చు. వేడినీళ్ల గిన్నెలో సీసా ఉంచితే గోరువెచ్చనవుతాయి. పొయ్యి మీదా, మైక్రోవేవ్‌లోనూ వద్దు. తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయండి.

ఫ్రీజర్ నింపుకోమని ఆన్‌లైన్‌లో చెప్పేది చూసి కంగారు పడకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. రెండు మూడు రోజులకి సరిపడా ఉంటే చాలు. అవసరానికి మించి తీస్తే పాలు ఎక్కువై రొమ్ము గడ్డలు కట్టే ప్రమాదం కూడా ఉంది. కరెంటు పోయినప్పుడు చేతి పంపో, మీ వేళ్లో ఉండనే ఉంటాయి.

పంప్ పెట్టెలోనే ఫీడింగ్ బాటిల్ వచ్చింది కదా అని దాంతోనే పట్టాలని లేదు. ఫీడింగ్ బాటిళ్లకి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. ఇంట్లో ఉన్న ఉగ్గుగిన్నెని మరిగించి దాంతో పట్టండి, చిన్న పిల్లలు చక్కగా తాగుతారు.

అపోహ: డ్యూటీలో చేరితే పాలు మాన్పించాల్సిందే.

అక్కర్లేదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే, ఆ తర్వాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, ఇంకా ఆ పైన కూడా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో తొలి ఇద్దరు పిల్లలకీ జీతంతో 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. చేరాక బిడ్డకి 15 నెలలు నిండేదాకా మామూలు విరామాలు కాక రోజుకి మరో రెండు విరామాలు తల్లి హక్కు. హెచ్‌ఆర్‌ని అడగడానికి మొహమాటపడకండి, బాత్రూమ్ కాకుండా లోపల గడియ ఉన్న గది ఇవ్వమనండి. చేరడానికి రెండు వారాల ముందు నుంచి రోజుకి ఒకసారి పంప్ చేయడం అలవాటు చేసుకోండి, ఉగ్గుగిన్నెతో పట్టడం ఇంట్లో అమ్మకో అత్తయ్యకో నేర్పండి. ఆఫీసులో సుమారు మూడు గంటలకోసారి తీయండి. గాజువాక నుంచి రుషికొండ దాకా బస్సులో వెళ్లివచ్చేవారు ఐస్ ప్యాకులున్న కూలర్ బ్యాగు పెట్టుకుంటే చాలు, పాలు 24 గంటల వరకు అందులో పాడవకుండా ఉంటాయి.