తప్పుగా కోసిన చోటే కొత్త మాట

బస్సు అన్న మాటకు నిజానికి సొంత అర్థమంటూ లేదు. 1820లలో ఫ్రాన్సులోని నాంత్ పట్టణంలో గుర్రాలు లాగే ఉమ్మడి బండ్లు తిరగడం మొదలైనప్పుడు వాటికి ఆమ్నిబస్ అని పేరు పడింది. లాటిన్‌లో దానికి ‘అందరికీ’ అని అర్థం. అందులో ‘అందరు’ అనే అర్థమంతా ఆమ్ని దగ్గరే ఉంది. చివరి బస్ వట్టి విభక్తి, మన ‘కి’ లాంటిది. ఇంగ్లండులో జనం ఈ పొడుగాటి పేరును కుదించుకునేటప్పుడు అర్థమున్న ముక్కను వదిలేసి విభక్తిని ఉంచుకున్నారు. అంటే ఇన్నాళ్లుగా ప్రపంచమంతా ఎక్కి దిగుతున్నది ఒక ‘కి’ని. పోనీ ఆ ముక్క అక్కడితో ఆగిందా అంటే, లేదు. మినీబస్, ట్రాలీబస్, ఎయిర్‌బస్ అంటూ వేరే మాటలకు తోకగా కూడా కుదురుకుంది.

కొత్త మాట అంటే ఎవరో పండితుడు కూర్చుని కల్పించేదని చాలామంది అనుకుంటారు. అలాంటివీ ఉన్నాయి, వాటి సంగతికి తర్వాత వద్దాం. ఇంగ్లీషులో కొత్త మాటలు ఎక్కువగా పాత మాటలను కోసి, అతికి చేసినవే. కోత సరైన చోట పడాలన్న పట్టింపు కూడా లేదు. పదిమందీ ఒకే చోట తప్పుగా కోస్తే, తర్వాతి తరానికి అదే అసలు కీలు.

హ్యాంబర్గర్‌నే తీసుకోండి. జర్మనీలోని హ్యాంబర్గ్ నగరం పేరుకు ‘అక్కడిది’ అని చెప్పే ‘అర్’ చేరితే వచ్చిన మాట ఇది. సరైన కోత హ్యాంబర్గ్ తర్వాత పడాలి. కానీ ఇంగ్లీషులో హ్యామ్ అంటే పంది మాంసం. వినేవాళ్లకు అది హ్యామ్, బర్గర్ అని రెండు ముక్కలుగా వినిపించింది. లోపల ఉండేది సాధారణంగా గొడ్డు మాంసమే అయినా ఎవరూ పట్టించుకోలేదు. నగరం పేరు నడిమికి తెగి, చీజ్‌బర్గర్ పుట్టింది. చివరికి బర్గర్ ఒంటరిగానే నిలబడింది. వర్కహాలిక్ కథా ఇంతే. ఆల్కహాల్‌కు ‘ఇక్’ చేరితే ఆల్కహాలిక్. అందులోంచి ‘అహాలిక్’ అనే ముక్కను కోసి, దానికి ‘ఆ వ్యసనం ఉన్నవాడు’ అని అర్థం కట్టబెట్టారు. 1972లో వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనాల్లో జరిగిన చొరబాటు పెద్ద రాజకీయ కుంభకోణంగా మారాక, తలుపు అని అర్థమున్న గేట్ ఏ పేరు పక్కన చేరినా కుంభకోణమే అయి కూర్చుంది.

హెలికాప్టర్ ఇంకా ముచ్చటైనది. గ్రీకులో హెలికో అంటే మెలిక, ప్టెరాన్ అంటే రెక్క. అతుకు ‘కో’ తర్వాత ఉంది. జనం మాత్రం హెలి, కాప్టర్ అని విరిచారు. అందుకే హెలిప్యాడ్, హెలిపోర్ట్. ఇలా తల్లి మాట నుంచి విడుదలై సొంతంగా బతికే ముక్కలకు భాషాశాస్త్రవేత్త ఆర్నాల్డ్ జ్వికీ 2010లో లిబ్‌ఫిక్స్ అని పేరు పెట్టాడు. ‘విముక్తి పొందిన’ అని చెప్పే లిబరేటెడ్‌లోని మొదటి ముక్కనూ, ప్రత్యయం అని చెప్పే అఫిక్స్‌లోని చివరి ముక్కనూ అతికి చేసిన పేరది. రోగానికి ఆ రోగంతోనే పేరు పెట్టడమన్నమాట.

ఈ తప్పు కోతలు ఇప్పటివేమీ కావు. ఇంగ్లీషులో ‘ఒక’ అని చెప్పడానికి అచ్చుకు ముందు ‘యాన్’, హల్లుకు ముందు ‘ఎ’ వాడతారు. చెవితో వినేవాడికి ఆ ‘న్’ మొదటి మాటదో, రెండో మాటదో తెలియదు. ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్. నాప్కిన్‌కు దగ్గరి చుట్టం. ‘ఎ నేప్రన్’ను ‘యాన్ ఏప్రన్’గా విని ‘న’ను పోగొట్టుకున్నారు. క్రికెట్ అంపైర్ కూడా ఇలాగే ‘న’ను జారవిడుచుకున్నవాడే. న్యూట్ అనే చిన్న ఉభయచరానికి ఎదురు జరిగింది. దాని అసలు పేరు ‘యూట్’ లాంటిది, పక్కనున్న ‘యాన్’ నుంచి ‘న్’ వచ్చి అంటుకుంది. మన నారింజకు చుట్టమైన ఆరెంజ్‌లో ‘న’ ఊడిపోయింది కూడా ఇంగ్లీషువాళ్ల నిర్వాకమే అంటుంటారు గానీ, అది ఇంగ్లీషు గడప తొక్కకముందే ఊడింది.

తిరగేసిన పుట్టుకలు కూడా ఉన్నాయి. ఎడిట్ చేసేవాడు ఎడిటర్ అనుకోవడం సహజం. చరిత్రలో మాత్రం ఎడిటర్ ముందు, ఎడిట్ తర్వాత. దొంగను చెప్పే బర్గ్లర్ ముందు, బర్గిల్ అనే క్రియ తర్వాత. బఠాణీ గింజకు పాత పేరు పీజ్, అది ఏకవచనమే. చివరి ‘జ్’ బహువచనంలా వినిపించేసరికి, ఒక్క గింజ అయితే ‘పీ’ కావాలి కదా అనుకున్నారు.

లేజర్ ఈ వరుసలో నాకు బాగా నచ్చిన మాట. అది అసలు మాటే కాదు, ‘ఉద్దీప్త వికిరణ ఉద్గారంతో కాంతిని పెంచడం’ అని చెప్పే పొడుగాటి ఇంగ్లీషు వర్ణనలోని మొదటి అక్షరాల కూర్పు. చివరి రెండు అక్షరాల్లో ‘ఇ’ ఉద్గారానిది (ఎమిషన్), ‘ఆర్’ వికిరణానిది (రేడియేషన్). కానీ రాతలో అవి పక్కపక్కన చేరి, ‘చేసేది’ అని చెప్పే ప్రత్యయంలాగే కనిపిస్తాయి. చేసేది ఉంటే చేసే పని ఉండాలి. అంతే, ‘లేజ్’ అనే క్రియ వచ్చేసింది. భౌతిక శాస్త్రవేత్తలు దాన్ని మొహమాటం లేకుండా వాడుతున్నారు.

ఇదంతా చూస్తే ఎవరి ఇష్టం వాళ్లది అనిపిస్తుంది. కానీ కాదు. ఇంగ్లీషువాళ్లు మాటను నొక్కి చెప్పాలంటే దాని నడుమ ‘బ్లడీ’ అనే తిట్టు దూరుస్తారు. అబ్సొల్యూట్లీ కాస్తా ‘అబ్సొ-బ్లడీ-ల్యూట్లీ’ అవుతుంది. ఫెంటాస్టిక్ అయితే ‘ఫెన్-బ్లడీ-టాస్టిక్’. ‘ఫెంటాస్-బ్లడీ-టిక్’ అని ఎవరూ అనరు, అంటే నవ్వుతారు. తిట్టు ఎప్పుడూ ఊనిక బలంగా పడే అక్షరానికి సరిగ్గా ముందే దూరుతుంది. ఈ సూత్రాన్ని ఏ బడిలోనూ చెప్పరు, చెప్పే పాఠం కూడా కాదు. అయినా తిట్టడం వచ్చిన ప్రతివాడికీ అది తెలుసు.

ఇలాంటి సూత్రాలు బుర్రలో ఎంత చిన్నప్పుడే కుదురుకుంటాయో 1958లో జీన్ బెర్కో అనే భాషాశాస్త్రవేత్త చూపించింది. పిల్లలకు పిట్టలాంటి బొమ్మ చూపించి, ఇదొక ‘వగ్’ అంది. అలాంటివి రెండుంటే ఏమంటారని అడిగితే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినని ఆ మాటకు పిల్లలు సరైన ధ్వనితో ‘వగ్జ్’ అని బహువచనం కట్టారు. ఇంకో ప్రశ్న ఇంకా ఆసక్తికరం. ‘జిబ్’ అనే పని చేయడమే ఉద్యోగంగా ఉన్నవాణ్ని ఏమంటారు? పెద్దవాళ్లు తడుముకోకుండా ‘జిబ్బర్’ అన్నారు. పిల్లల్లో కొందరు మాత్రం ‘జిబ్‌మ్యాన్’, ‘జిబింగ్ మ్యాన్’ అన్నారు. అంటే ప్రత్యయం తగిలించడం కన్నా రెండు మాటలు కలిపి సమాసం చేయడమే చిన్న బుర్రకు ముందు తోస్తుందన్నమాట.

మాటలు తాము నడిచివచ్చిన దారిని కూడా గుర్తుపెట్టుకుంటాయి. ఫ్లై భూతకాలంలో ఫ్లూ అవుతుందని అందరికీ తెలుసు. కానీ బేస్‌బాల్‌లో గాల్లోకి లేచిన బంతిని ‘ఫ్లై’ అంటారు, ఆ బంతిని క్యాచ్ పట్టి ఆటగాణ్ని అవుట్ చేస్తే వాడు ‘ఫ్లైడ్ అవుట్’. క్రియ ఒకసారి నామవాచకమై, మళ్లీ క్రియగా తిరిగొచ్చింది. ఆ ప్రయాణంలో ‘ఫ్లూ’ అనే పాత మినహాయింపు రాలిపోయి, మామూలు ‘డ్’ వచ్చి చేరింది.

నామవాచకం అలా ఉన్నపళంగా క్రియ కావడం ఇంగ్లీషుకు మంచినీళ్ల ప్రాయం. మనం గూగుల్ ‘చెయ్యాలి’, టెన్షన్ ‘పడాలి’. వాళ్లకు ఆ తోడు అక్కర్లేదు, గూగుల్ అన్నదే క్రియ. 2006లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకీ ఎక్కింది. ఈ సౌకర్యం నష్టం వల్ల వచ్చింది. పాత ఇంగ్లీషులో ప్రేమకు లుఫు, ప్రేమించడానికి లుఫియన్ అని వేర్వేరు రూపాలుండేవి. శతాబ్దాల వాడుకలో ఆ తోకలు అరిగిపోయి రెండూ ఒకే ‘లవ్’ అయ్యాయి. ఏది క్రియో చెప్పడానికి వాక్యంలో దాని స్థానం ఒక్కటే మిగిలింది.

పండితులు కల్పించిన మాటలకు వస్తే, పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు పండితుడు విలియం హ్యూయెల్‌ను మించినవాళ్లు తక్కువ. విద్యుత్తు మీద పరిశోధనలు చేసిన ఫారడే అడిగితే ఆనోడ్, కాథోడ్, అయాన్ వంటి మాటలు సూచించింది ఆయనే. 1833లో కేంబ్రిడ్జిలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆర్టిస్ట్ పోలికతో ‘సైంటిస్ట్’ను కూడా ప్రతిపాదించాడు. అయాన్‌ను అందరూ తీసుకున్నారు, సైంటిస్ట్‌ను మాత్రం చాలాకాలం ఈసడించుకున్నారు. అరవై ఏళ్ల తర్వాత, 1894లో కూడా జీవశాస్త్రవేత్త టీహెచ్ హక్స్‌లీ అది ‘ఎలక్ట్రోక్యూషన్’ అంత ఇంపైన మాట అని వెక్కిరించాడు. ఎలక్ట్రిసిటీని, మరణశిక్ష అనే ఎగ్జిక్యూషన్‌ను అడ్డంగా కోసి అతికిన మాటది, అప్పటికి కొత్తది. ఇప్పుడు రెండింటిలో ఏదీ ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు.

అరువు మాటల గురించి ఎక్కువ చెప్పను, ఒక్క మన సరుకు తప్ప. పందికొక్కు తెలుగు నుంచి వెళ్లి ఇంగ్లీషులో బ్యాండికూట్ అయింది. తర్వాత ఆస్ట్రేలియాలో, ఎలుక జాతితో సంబంధమే లేని, పొట్ట సంచిలో పిల్లలను పెంచే జంతువుకు ఆ పేరు అంటగట్టారు.

పుట్టినవన్నీ బతకవు. ఖాళీ ఉన్నచోట పుడితే నిలుస్తాయి, అప్పటికే ఒక మాట కూర్చుని ఉంటే కొత్తదానికి చోటు దొరకడం కష్టం. దొంగతనం చేసేవాణ్ని స్టీలర్ అనడానికి వ్యాకరణం అడ్డు చెప్పదు, థీఫ్ అడ్డు చెబుతుంది. వంట చేసే మనిషి కుక్ కాబట్టి, కుక్కర్ అనే మాట వంట పాత్రకో పొయ్యికో సరిపెట్టుకుంది. పాడ్‌కాస్ట్ లాంటివి పుట్టించిన వస్తువు కన్నా ఎక్కువ కాలం బతుకుతాయి. 2004లో, పాటలు వినే చిన్న పరికరం ఐపాడ్ పేరులోంచి తెగిన పాడ్‌తో అది తయారైంది, 2022లో ఐపాడ్ తయారీ ఆగిపోయింది.

కుదింపు మాటల మీద ‘గలివర్ యాత్రలు’ రాసిన జొనాథన్ స్విఫ్ట్ 1710లో విరుచుకుపడ్డాడు. చంచలమైన జనం అనే అర్థమున్న లాటిన్ మాటను కోసి చేసిన ‘మాబ్’ మీద ఏళ్లుగా పోరాడానని, ఎదుటివాళ్ల సంఖ్యాబలానికి ఓడిపోయానని రాశాడు. అదే వ్యాసంలో ఆయన తప్పుపట్టిన ‘పాజ్’, అంటే పాజిటివ్‌కు పొట్టి రూపం, మాత్రం వాడుకలోంచి పోయింది. రెండూ ఒకే తీరులో కోసినవే. కాకపోతే ‘ఖాయం’ అని చెప్పడానికి షూర్ అనే పొట్టి మాట అప్పటికే అందరి నోటా ఉంది.