రకం వేరు, విత్తనం వేరు: వరి మీద అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో విత్తన వరి పొలాల వెంట తిరగడం నా పని. ఉభాల (నాట్ల) ముందు ఏటా ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: రైతులు కొత్త రకాలంటే భయపడతారు.

మరి 1982లో మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన స్వర్ణ రకం ఇన్ని గాదెల్లోకి ఎలా చేరింది? 1001, 1010 నంబర్ల రకాలు, రాగోలు పరిశోధన స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు, ఆ తర్వాత 1121 రకం కూడా రైతులు వేసి చూసినవే. కాకపోతే మొదట ఒక్క మడిలోనే వేస్తారు, అదీ దారిపక్క మడిలో కాదు. పంట పోతే నలుగురూ నవ్వుతారు కదా! కల్లంలో బస్తాలు లెక్కపెడతారు, మిల్లరు ఏ రేటు చెబుతాడో చూస్తారు, గడ్డి పశువులు తింటున్నాయో లేదో గమనిస్తారు. ఇంట్లో ఆడవాళ్లు ఆ అన్నం మర్నాటికి చద్దికి పనికొస్తుందా అని చూస్తారు. ఇదంతా తేలడానికి రెండు మూడేళ్లు పడుతుంది.

అపోహ: పాత రకం సత్తా అయిపోయింది, అందుకే దిగుబడి తగ్గింది.

నాకు ఎక్కువగా తగిలేది ఇదే. ఒక రైతు పిలిస్తే వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. చేను ఎగుడుదిగుడుగా ఉంది. కొన్ని దుబ్బులు జానెడు ఎత్తు ఎక్కువ, కొన్ని ఇంకా పచ్చివెన్నుతో ఉన్నాయి. ఏడేళ్లుగా సొంత విత్తనమే, కేళీలు (చేలో కలిసిన వేరే రకం మొక్కలు) ఏరింది లేదు. కల్లంలో పక్క రకం గింజలు కలిశాయి, అంతే. మరుసటి ఏడు అదే రకానికి ధ్రువీకరించిన విత్తనం వేస్తే చేను పలకలా లేచింది. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి సొంత విత్తనం మూడేళ్ల దాకా వాడుకోవచ్చు, కేళీలు తీస్తేనే సుమా. చల్లే ముందు వంద గింజలు తడిగోనెలో చుట్టి చూడండి. ఎనభైకి తగ్గి మొలిస్తే ఆ బస్తా పక్కన పెట్టండి.

రకమే ఓడిపోయే సందర్భం కూడా ఉంది. ఒకప్పుడు ఫల్గుణ రకం ఉల్లికోడును, అంటే వరి పిలకలను పాడుచేసే చిన్న ఈగను, తట్టుకునేది. మన ప్రాంతంలో ఆ ఈగలోనే కొత్త తెగ, బయోటైప్ 4, పుట్టేసరికి ఫల్గుణ నిలబడలేకపోయింది. అక్కడ మారింది ఈగ, గింజ కాదు. అలాంటప్పుడు తాజా విత్తనం తెచ్చినా లాభం లేదు, రకమే మార్చాలి.

అపోహ: స్వర్ణ సబ్‌-1 కల్తీ స్వర్ణ.

ఒక పెద్దాయన గింజలు అరచేతిలో పోసుకుని, "ఇది సొర్ణ కాదు బాబూ, ఏటో కలిపేసినారు" అన్నాడు. ఆయన కన్ను తప్పు చూడలేదు. స్వర్ణ పొట్టు బంగారు రంగు, దీనిది గడ్డి రంగు. స్వర్ణలోకి ముంపును తట్టుకునే జన్యువును తెచ్చి చేసిన రకమిది. ఆ జన్యువుకు అంటిపెట్టుకుని పొట్టు రంగును అణిచే జన్యువు కూడా వచ్చింది. నాగావళి, వంశధార పొంగి చేను మునిగినా రెండు వారాల దాకా బతుకుతుంది. నెలల తరబడి నీరు నిలిచే పల్లానికి మాత్రం ఇది మందు కాదు.

అపోహ: ఊరంతా ఒకే రకం వేస్తే మేలు.

మిల్లరుకు మేలు. కాలువ చివరి మడికి 120 రోజుల 1010 కావాలి. అక్కడ 150 రోజుల స్వర్ణ వేస్తే పాలు పోసుకునే వేళకు నీరుండదు.