కళ్లు తెరిచి ఉంటే మెలకువేనా?

అతి తీవ్ర మేధో వైకల్యం ఉన్న బాబు ముందు గిలక్కాయ ఆడించారనుకోండి. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఎక్కడా నిలవడం లేదు. ‘మెలకువగానే ఉన్నాడు, స్పందించలేదు’ అని ఒక టీచర్ రాస్తారు. ‘మగతలో ఉన్నాడు’ అంటారు ఇంకొకరు. మొదటి మాటే రికార్డుకెక్కితే వాడికేమీ రాదన్న ముద్ర పడిపోతుంది.

మెలకువ, మగత, నిద్ర లాంటి ఈ స్థితుల పరిశీలన పసికందులతో మొదలైంది. 1959లో పీటర్ వుల్ఫ్ నవజాత శిశువులపై తన పరిశీలనలు ప్రచురించారు. 1974 నాటికి ప్రెష్టల్ ఐదు స్థితులు ఖాయం చేశారు. కళ్లు తెరిచారా, ఊపిరి నిలకడగా ఉందా, ఒళ్లు కదులుతోందా, ఏడుస్తున్నారా: ఇవే గుర్తులు.

1975 చట్టంతో అమెరికాలో వైకల్యం ఎంత తీవ్రంగా ఉన్నా పిల్లలందరికీ బడి హక్కయింది. బడికొచ్చిన పిల్లలు రోజులో ఎంతసేపు నేర్చుకునే స్థితిలో ఉంటున్నారన్న ప్రశ్నతో, 1980ల చివర్లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో డగ్ గెస్ బృందం పసిపాపల కొలతను తీవ్ర వైకల్యం ఉన్న ఈ పిల్లలకు తగ్గట్టు మార్చింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఫిట్స్ వచ్చే బిడ్డ కాసేపు శూన్యంలోకి చూస్తే అది పరధ్యానమా, చిన్నపాటి ఫిట్సా? ఫిట్స్ మందులు మగత తెస్తాయి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉంటే కదలికను బట్టి చెప్పలేం. చూపు లోపముంటే కళ్లను బట్టీ చెప్పలేం.

ఇద్దరు పరిశీలకుల మాట కలిసినా సరిపోదు. బిడ్డ నూటికి 90 సార్లు మెలకువగా ఉన్నాడని ఇద్దరూ రాసే చోట, ఎవరికి వారు అదే లెక్కన గుడ్డిగా టిక్కులు పెట్టినా 82 శాతం కలుస్తాయి. అలా యాదృచ్ఛికంగా కలిసినదాన్ని తీసేసి చూడడానికే జాకబ్ కోహెన్ 1960లో ‘కప్పా’ సూత్రం ఇచ్చారు. 1997లో మడ్‌ఫర్డ్, హాగ్, రాబర్ట్స్ అనే పరిశోధకులు ఈ స్థితుల నమోదు నమ్మదగిందేనా అని గట్టిగా నిలదీశారు. ఆ నిలదీత పిల్లలకు మేలే చేసిందని నా నమ్మకం.

తర్వాత నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో వేరా ముండే, కార్లా వ్లాస్‌క్యాంప్ బిడ్డను రోజూ చూసుకునేవాళ్ల మాటతోనే పరిశీలన మొదలుపెట్టే పద్ధతి తెచ్చారు. ఈ బిడ్డ మెలకువగా ఉంటే ఎలా కనిపిస్తాడో ముందు వాళ్లే చెప్పాలి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మన భవిత కేంద్రాల నుంచి ఇంటికి వెళ్లే టీచర్లకూ ఇది ముఖ్యమే. మందు వేసిన కాసేపటికే వెళ్లి కూర్చుంటే కనిపించేది మగతే. ఏ వేళకు రావాలో ముందుగా అమ్మనడగాలి, రాసే కాగితంలో మందు వేసిన టైమూ వేయాలి.