రొయ్య ఎర్రబడిందో లేదో చెప్పే దీపం

పోయిన సంక్రాంతికి నెల్లూరులో మా అక్కావాళ్ల డాబా మీద రొయ్యలు కాల్చుకున్నాం. బొగ్గుల పొయ్యి, దాని మీద ఇనుప జాలీ, పెంకు తియ్యని వనామీ రొయ్యలు. పిల్లలు తింటారని కారం వెయ్యలేదు, ఉప్పూ మిరియాల పొడే. వెలుతురికి మెట్లగది గోడకున్న ట్యూబ్‌లైట్ ఒక్కటే. బావ పొయ్యి ముందు నిలబడితే లైటు ఆయన వీపు మీద పడింది, ఆయన నీడ రొయ్యల మీద పడింది. "ఏంది అబ్బయా, ఉడికిందో లేదో తెలియడంలా" అంటూనే తిప్పాడు. మొదటి వాయి లోపల పచ్చిగా ఉంది. భయపడి రెండో వాయి ఎక్కువసేపు ఉంచితే రబ్బరులా సాగింది. పగటిపూట ఒక్క రొయ్యను కూడా పాడుచెయ్యని మనిషి ఆయన. ఆ రాత్రి తప్పు చేసింది చెయ్యి కాదు, దీపం.

రొయ్య తాను ఉడికిన సంగతిని రంగుతోనే చెబుతుంది. పచ్చి రొయ్య పెంకు బూడిద రంగులో, కాస్త నీలం కలిసినట్టు ఉంటుంది. నిజానికి అందులో ఉన్నది ఎర్రటి నారింజ రంగు పదార్థమే. దాని పేరు ఆస్టాజాంథిన్. దాన్ని క్రస్టాసయనిన్ అనే ప్రొటీన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టులో ఉన్నంతసేపూ అది నీలంగా కనిపిస్తుంది. వేడి తగలగానే ప్రొటీన్ ముడి విడిపోతుంది, లోపలి ఎరుపు బయటపడుతుంది. అదే సమయంలో గాజులా ఉన్న కండ పాలలా తెల్లబడుతుంది. ఉడకడానికీ ముదిరిపోవడానికీ మధ్య మనకు దొరికేది ఏ నిమిషమో, అంతకన్నా తక్కువో. ఆ కాస్త సమయంలో కన్ను ఎరుపును పట్టుకోవాలి.

వెలుతురు తగ్గినప్పుడు కన్ను ముందుగా పోగొట్టుకునేది ఆ ఎరుపునే. సందెవేళ పెరట్లో మందార చెట్టు దగ్గర నిలబడి చూడండి. ఆకులు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి, పువ్వు మాత్రం నల్లబడిపోతుంది. రంగులు చూసే శంకు కణాలకు మంచి వెలుతురు కావాలి. చీకట్లో పనిచేసే దండ కణాలకు ఎరుపు దాదాపు తెలియదు. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం మొదట్లోనే తెల్లవారుజాము పువ్వులను చూసి ఈ మార్పును గమనించాడు. అందుకే దీనికి ఆయన పేరే పెట్టారు.

అయితే వెలుతురు పెంచితే చాలదు, ఆ వెలుతురులో ఎరుపు ఉండాలి. తెల్లటి ఎల్‌ఈడీ బల్బులో అసలు వెలిగేది నీలం కాంతి. ఈ నీలం ఎల్‌ఈడీని కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ పూత కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెలుపనిపిస్తాయి. వెలుతురు రంగును కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు. మనం ఇళ్లలో ఎక్కువగా వాడే 6500 కెల్విన్ 'కూల్ డేలైట్' రకం చవక బల్బుల్లో ముదురు ఎరుపు చాలా తక్కువ. లేని ఎరుపును రొయ్య ఎక్కణ్నుంచి తెచ్చి చూపిస్తుంది?

బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది. ఎండలో, పాతకాలపు ఫిలమెంట్ బల్బు కింద కనిపించినంత సహజంగా రంగులు కనిపిస్తే అది 100 దగ్గర ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఎనిమిది లేత రంగుల నమూనాల సగటుతో ఆ అంకె కడతారు. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా, అది లెక్కలోకే రాదు. అంటే 80 ఉన్న బల్బు కూడా ఎరుపు దగ్గర చతికిలబడొచ్చు. పొయ్యి దగ్గరకు 90 దాటినదే తీసుకోండి, 2700 నుంచి 3000 కెల్విన్ వార్మ్ వైట్ అయితే మరీ మంచిది. వార్మ్ అని రాసి ఉన్నంత మాత్రాన ఎరుపు సరిగ్గా ఉన్నట్టు కాదు, సీఆర్‌ఐ కూడా చూడాలి. పెట్టె మీద రాయకపోతే కొట్లోనే బల్బు వెలిగించి, దాని కింద మీ అరచెయ్యి పెట్టండి. చెయ్యి పాలిపోయినట్టు కనిపిస్తే ఆ బల్బు వద్దు.

తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలన్నది. వెనక పెడితే మన నీడే అడ్డం. తలకు కట్టుకునే లైటుతో ఇంకో తంటా. దాని వెలుగు పొగకు తగిలి తిరిగి మన కళ్లలోకే వస్తుంది, మంచులో కారు హైబీమ్ వేసినట్టు. పొయ్యికి అటొకటి ఇటొకటి, తలకన్నా కాస్త ఎత్తులో, పక్కల నుంచి పడేట్టు రెండు చిన్న లైట్లు పెడితే ఒకదాని నీడను ఇంకొకటి చెరిపేస్తుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి దూరాన ఉన్న పెద్ద ఫ్లడ్‌లైట్ కన్నా దగ్గరున్న చిన్న బల్బే మేలు. అలాగని బొగ్గుల పైన వేలాడదీయకండి, వేడికి ఎల్‌ఈడీ లోపలి సర్క్యూట్ త్వరగా పోతుంది. సముద్రం దగ్గరి ఉప్పుగాలికి మామూలు హోల్డర్లు తుప్పుపడతాయి, దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని చెప్పే ఐపీ65 గుర్తు ఉన్నవి కొనండి.

ఈ లైట్లకు విడిగా స్విచ్ ఉండాలని గట్టిగా చెబుతాను. ఏ వస్తువైనా దాదాపు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర మసక ఎరుపుగా వెలగడం మొదలుపెడుతుంది. ఇంకా వేడెక్కితే నారింజకు తిరుగుతుంది. లైటు వేసి ఉంటే ఇదేదీ కనిపించదు, బొగ్గులన్నీ తెల్లటి బూడిదలాగే ఉంటాయి. రెండు క్షణాలు ఆపితే నిప్పు ఎక్కడ మండుతోందో, ఎక్కడ చల్లారిందో పటం గీసినట్టు తెలుస్తుంది.

ఉగాదికి బావ అలాగే రెండు బల్బులు కట్టాడు. రొయ్యలు జాలీ మీద పెట్టి వంగి చూశాం. నిప్పుకు ఆనిన వైపు నుంచి నారింజ రంగు పైకి పాకుతూ వచ్చింది. వీపు దాకా వచ్చిందాకా ఆగి తిప్పాడు. పిల్లలకు రెండు వాయిలు చాలలేదు.

చికెన్‌కు మాత్రం ఎంత మంచి దీపమున్నా రంగును నమ్మకండి. ఎముక మజ్జ వల్ల బాగా ఉడికిన ముక్క కూడా ఎముక దగ్గర ఎర్రగా ఉండొచ్చు. థర్మామీటరు గుచ్చి 74 డిగ్రీలు చూసుకోవాలి.

మన దగ్గర అక్టోబరు, నవంబరు వానలకు ఉసిళ్లు లేస్తాయి. పురుగులకు వెలుగంటే మోజని అనుకుంటాం. 2024లో వెలువడిన ఒక పరిశోధన వేరే మాట చెబుతోంది. పురుగులు ఎగిరేటప్పుడు వీపును వెలుగు వైపు తిప్పుకుంటాయి. ఆకాశం ఉన్నంతవరకూ అది వాటికి దారి, బల్బు దగ్గర అదే ఉచ్చు. చుట్టూ తిరుగుతూ అక్కడే చిక్కుకుపోతాయి. నీలం, అతినీలలోహిత కాంతికి ఎక్కువగా వస్తాయి కనుక వార్మ్ లైటు ఇక్కడా మేలే. పిట్టగోడ చివర ఒక తెల్ల బల్బు వేసి ఉంచితే చాలావరకు అటు పోతాయి.

డాబా వదిలి మైపాడుకో కొత్తపట్నానికో వెళ్లి ఇసుకలో పొయ్యి పెట్టుకునేవాళ్లకు ఇంకో మాట. చలికాలం చివర్లో మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒకటిన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి. ఎటు వెలుగుంటే అటే సముద్రమనుకుని నడుస్తాయి. మన ఫ్లడ్‌లైట్ వాటిని ఊరి వైపు లాగేస్తుంది. అక్కడ కుక్కలు, మర్నాటి ఎండ. జనవరి నుంచి మే దాకా తీరం మీద తెల్ల లైటు వెయ్యకండి. కాషాయం రంగు చిన్న దీపం, అదీ గొడుగు వేసి పొయ్యి మీదికి మాత్రమే దించి పెట్టండి. తినడం మొదలుపెట్టగానే దాన్నీ ఆపేసి, కళ్లు చీకటికి అలవాటుపడేలా ఇరవై నిమిషాలు కూర్చుంటే, ఆ నిప్పుల మసక వెలుగులోనే పక్కన ఇసుక కదులుతున్నదీ లేనిదీ మన కళ్లకే కనిపిస్తుంది.