లాకౌట్ రోజులు ఎవరి ఖాతాలో?

విజయనగరం జిల్లాలోని ఒక జనపనార మిల్లు గేటు ముందు ఈ వారం మళ్లీ టెంటు వేశారు. మూసివేత పరిహారం మీద పాత తగవే. గోగునార సాగు ఎలా తగ్గింది, మిల్లును ఎన్నిసార్లు మూసి తెరిచారు అన్న కథ ఈ జిల్లాలో కొత్తగా చెప్పనక్కర్లేదు. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో చేర్చిన సూత్రం చిన్నది. ఉద్యోగం పోయిన కార్మికుడికి పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన ముక్కను కూడా ఏడాదిగానే కడతారు. గ్రాట్యుటీ దీనికి వేరు. ఈ 15 మీద ఎవరికీ పేచీ లేదు, దాన్ని ఎన్నింటితో హెచ్చవేయాలన్నదే తగవు.

టెంటులో ఒకాయన ప్లాస్టిక్ సంచి విప్పి చూపించారు. రబ్బరు బ్యాండు వేసిన జీతం చీటీలు, టోకెన్ నంబరు సగం చెరిగిన హాజరు కార్డు, పీఎఫ్ చీటీలు. స్పిన్నింగ్‌లో బద్లీగా, అంటే రాని కార్మికుడికి బదులుగా పనిచేసే మనిషిగా చేరిన ఆయన లెక్కలో సర్వీసు 26 ఏళ్లు. మిల్లు లెక్కలో 14. మధ్యలో పోయిన 12 ఏళ్ల విలువ 180 రోజుల వేతనం.

దీని మూలం 1963లో ఉంది. ఆ ఏడాది సర్ ఎనామెల్ కేసులో సుప్రీంకోర్టు, ఏడాది సర్వీసు నిండిందనడానికి 240 రోజుల పని ఒక్కటే చాలదని, 12 నెలల పాటు ఉద్యోగంలో కొనసాగి ఉండాలని కూడా చెప్పింది. పని దొరికిన రోజే పిలుపు వచ్చే బద్లీకి ఆ షరతు గోడలా అడ్డొచ్చేది. మరుసటి ఏడాదే పార్లమెంటు నిబంధనను తిరగరాసింది. గడచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఏడాది సర్వీసు నిండినట్టే. లేఆఫ్ రోజులూ (యాజమాన్యం పని ఇవ్వలేక ఆపిన రోజులు), పూర్తి జీతపు సెలవులూ, ప్రసూతి సెలవులో చట్టం ఒప్పుకున్న రోజులూ ఆ 240లోకి వస్తాయి. అంతకన్నా ముఖ్యం, సర్వీసు తెగనట్టు చూసే విరామాల జాబితా. అనారోగ్యం, అనుమతించిన సెలవు, చట్టవిరుద్ధం కాని సమ్మెతో పాటు లాకౌట్ కూడా అందులో ఉంది. మిల్లు తలుపు మూసిన చేయి కార్మికుడిది కాదు కదా!

లాకౌట్ ఎత్తేసినప్పుడల్లా మనుషులను కొత్తగా చేర్చుకున్నామని, వాళ్ల సంతకాలు ఉన్నాయని యాజమాన్యం అంటోంది. మూసివేత తమ చేతిలో లేని పరిస్థితుల వల్ల జరిగిందన్న వాదన కూడా ఉంది. అది నిలిస్తే పరిహారం మూడు నెలల సగటు వేతనం దాటదు. అయితే నష్టాలు, అమ్ముడుపోని సరుకు వంటివి మాత్రమే చూపితే ఈ మినహాయింపు వర్తించదని అదే చట్టంలో వివరణ ఉంది.

కార్మికులకు అసలు చిక్కు 2002లో వచ్చింది. 240 రోజులు పనిచేశానని నిరూపించే భారం కార్మికుడిదేనని, తన అఫిడవిట్ ఒక్కటే చాలదని హదిమని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హాజరు పుస్తకం ఉండేది మిల్లు ఆఫీసులో, సాక్ష్యం తేవలసింది టెంటులోని మనిషి. 2005లో యెల్లట్టి కేసు కొంత ఊరటనిచ్చింది. మస్టర్ రోల్స్, అంటే ఆ హాజరు పుస్తకాలు తెప్పించమని కార్మికుడు అడగవచ్చు. ఈ మిల్లులో ఇన్నేళ్లుగా అలా రాతపూర్వకంగా అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. సంఘాల నాయకులు దీనికి జవాబు చెప్పుకోవాలి.

ఆ పాత చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ 15 రోజుల లెక్క ఉంది. మూసివేతకు ముందస్తు అనుమతి తీసుకోవలసిన పరిమితి మాత్రం 100 మంది నుంచి 300కు పెరిగింది.

మొన్నటి చర్చల్లో కార్మికులు మొదటిసారి పాత హాజరు పుస్తకాలు తెమ్మని కాగితం మీద రాసిచ్చారు. వెతకడానికి యాజమాన్యం మూడు వారాల గడువు అడిగింది.