ముఖం గుర్తుపట్టే కెమెరా: దిల్‌సుఖ్‌నగర్ తర్వాత ఏం జరిగింది?

వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు రావడంతో హైదరాబాద్‌లో పాత ప్రశ్న మళ్లీ పైకొచ్చింది. రోడ్డు మీద పోలీసులు తీసే మన ఫొటోకు ఈ చట్టం వర్తిస్తుందా? గోప్యత ప్రాథమిక హక్కన్న 2017 నాటి సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడి గొడవ మూలం అంతకన్నా పాతది.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలి, ఫుటేజీ 30 రోజులు దాచాలి, అడిగితే పోలీసులకు ఇవ్వాలి. పేలుడు జరిగిన ఏ1 మిర్చి సెంటర్ దగ్గరి రక్తపు మరకలు చూశాక కాదనే ధైర్యం ఎవరికుంటుంది? తర్వాత పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కింద కాలనీల వాళ్లే చందాలేసుకుని కెమెరాలు పెట్టించారు.

అసలు మలుపు 2018 ఆగస్టులో వచ్చింది. పోలీసులు తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపును చేర్చారు. 2013 చట్టం ఊహించిన కెమెరా, ఏదైనా జరిగాక వెనక్కి తిప్పి చూసుకునేది. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషిని ఫొటో తీస్తే, పాత నేరస్తుల ఫొటోలతో అక్కడికక్కడే పోల్చేస్తుంది. ఏ తప్పూ చేయనివాడూ ఆ జల్లెడలోంచి పోవాల్సిందే. ఇంత మార్పుకు ప్రత్యేకంగా చట్టమేదీ చేయలేదు.

2021 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ మామగారితో కలిసి బండి మీద ఇంటికెళ్తుంటే పోలీసులు ఆపారు. మాస్కు తీయమన్నారు. కరోనా భయంతో ఆయన తీయలేదు. అయినా ఫొటో తీసుకున్నారన్నది ఆయన ఫిర్యాదు. ఎందుకు తీశారు, ఎక్కడ దాస్తారు అని లీగల్ నోటీసు పంపితే జవాబు రాలేదు. హైకోర్టుకెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ఆగస్టు కల్లా బంజారాహిల్స్‌లో, కెమెరాల దృశ్యాలను ఒకేచోట చూసే పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైపోయింది.

పోలీసుల వాదనా కొట్టిపారేసేది కాదు. అలహాబాద్ దగ్గర తప్పిపోయిన ఓ పిల్లాడు అస్సాంలోని గోల్‌పారాలో ఉన్నట్టు ఐదేళ్ల తర్వాత, 2020లో, తేల్చింది తెలంగాణ పోలీసుల ముఖ గుర్తింపు టూల్ ‘దర్పణే’. కాకపోతే తప్పిపోయిన పిల్లాడి ఫొటో ఇంట్లోవాళ్లే తెచ్చిస్తారు. మసూద్ ఇవ్వలేదు కదా.

అరెస్టయినవాళ్ల వేలిముద్రలు, ఫొటోలకు 2022లో కేంద్రం ఓ చట్టం చేసి, రికార్డులను 75 ఏళ్లు దాచొచ్చంది. దారినపోయే మనిషి ఫొటో ఆ లెక్కలోకి రాదు. పోనీ కొత్త డేటా చట్టమైనా కాపాడుతుందా అంటే, అందులో సెక్షన్ 17 ఉంది. నేరాల నివారణకు, దర్యాప్తుకు వాడే డేటాకు చాలా బాధ్యతల నుంచి మినహాయింపు. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకైతే భద్రత, శాంతిభద్రతల పేరుతో చట్టమే వర్తించదు. ఈ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక నా వివరాలు తీసేయమని షాపింగ్ యాప్‌ను అడగొచ్చు. టీఎస్‌కాప్‌ను మాత్రం అడగలేం.