అణు విమాన వాహక నౌకల స్పేర్లు: మా రాజోలు అపోహలు, అసలు సంగతులు

నేవీ స్టోర్స్‌లో స్పేర్ల లెక్కలు చూసి, రిటైరయ్యాక రాజోలు వచ్చేశాను. గల్ఫ్‌కో మర్చంట్ నేవీకో వెళ్లొచ్చినవాళ్లు కోనసీమలో తక్కువేం కాదు కాబట్టి, ఓడల మాటొస్తే ఇక్కడ అందరూ నిపుణులే.

అపోహ: మన విక్రాంత్ అణుశక్తితో నడుస్తుంది.

లేదండీ. 2022లో నేవీలో చేరిన ఈ విమాన వాహకానికి నాలుగు ఎల్.ఎం.2500 గ్యాస్ టర్బైన్లు. మన ఇంకో వాహకం విక్రమాదిత్యవి బాయిలర్లు. మన దగ్గర రియాక్టర్ ఉన్నది అరిహంత్ లాంటి జలాంతర్గాముల్లో. అణు విమాన వాహకాలు ఇప్పటికి అమెరికాకీ ఫ్రాన్స్‌కీ మాత్రమే ఉన్నాయి. నేను పనిచేసింది ఆవిరి ఓడకే. అణు ఓడలోనూ రియాక్టర్ చేసేది ఆవిరి పుట్టించడమే, ఆ తర్వాత వచ్చే టర్బైన్లు, కండెన్సర్లు, పంపులు, వాల్వులు అన్నీ తెలిసిన చుట్టాలే.

అపోహ: అణు ఓడ పాతికేళ్లు దేనికీ ఆగక్కర్లేదు.

మా మేనల్లుడి వాదన ఇది. "ఆయిలే అక్కర్లేదు కదా మావయ్యా!" అంటాడు. రియాక్టర్ వరకూ నిజమే. అమెరికా వాళ్ల నిమిట్జ్ తరగతి అణు ఓడకి యాభై ఏళ్ల ఆయుష్షులో ఇంధనం మార్చేది ఒక్కసారే. మరి పైనున్న విమానాలు తాగేదో? వాటి కోసం కోటి లీటర్లకు పైగా ఇంధనం మోస్తుంది. అది అయిపోతుంటే నడిసముద్రంలో పక్కనే ట్యాంకర్ ఓడ నడుస్తూ గొట్టాలతో నింపాలి. అయిదు వేల మందికి తిండి సరేసరి.

అపోహ: స్పేర్ గోడౌన్‌లో ఉంటే ఇక టెన్షన్ లేదు.

నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే మాట ఇదే. ఫ్రాన్స్ వాళ్ల అణు వాహకం షార్ల్ ద గోల్ 2000 నవంబరులో, ఇంకా ట్రయల్స్ దశలో, అట్లాంటిక్‌లో ఉండగా ఎడమ ప్రొపెల్లర్ విరిగింది. రియాక్టర్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి! పరీక్షిస్తే పోతలో, మధ్యభాగం దగ్గర, గాలి బుడగలున్నట్టు తేలింది. కుడి ప్రొపెల్లర్‌లోనూ అదే లోపం, దాచిపెట్టిన స్పేర్లలోనూ అదే. చేసిన కంపెనీ అప్పటికే దివాలా తీసింది. చివరికి క్లెమెన్సో, ఫోష్ అనే పాత ఓడల స్పేర్ ప్రొపెల్లర్లు బిగించుకుని, 27 నాట్లతో (గంటకు సుమారు 50 కిలోమీటర్లు) వెళ్లాల్సిన ఓడని తక్కువ వేగంతో నడుపుకున్నారు. ఒకే చోట ఒకే తీరున పోసిన స్పేర్ ఎన్ని ఉన్నా ఒకటే లెక్క.

చిన్న సరుకుదీ ఇదే గొడవ. రబ్బరు ఓ-రింగ్ కవరు మీద అది ఏ సంవత్సరం, ఏ మూడు నెలల్లో తయారైందో ఉంటుంది. గడువు దాటితే రబ్బరు బిరుసెక్కి లీకవుతుంది. స్టాకు పుస్తకంలో మాత్రం నిండుగా కనిపిస్తుంది. మా చెరువు గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ సీలు పోతే భీమవరం నుంచి పొద్దు గూకేలోగా తెప్పించుకోవచ్చు, నడిసముద్రంలో బజారెక్కడిది? కవరు ముందే చింపి ఉంటే నేను తీసుకునేవాణ్నే కాదు.

అపోహ: ఏం కావాలన్నా విమానంలో దించేస్తారు.

పట్టాలిగా! అమెరికా యుద్ధవిమానం ఎఫ్-35 ఇంజన్ పెద్ద భాగం పాత సి-2 సరుకు విమానంలో పట్టదు. సి.ఎం.వి.-22 ఆస్ప్రే అనే కొత్త సరుకు విమానం వచ్చాకే ఆ ఇబ్బంది తీరింది.

అపోహ: ఒక ఓడ నుంచి పీకి ఇంకో ఓడకి పెట్టడం గతిలేక చేసే పని.

అన్ని నేవీలూ చేస్తాయి. మొట్టమొదటి అణు విమాన వాహకం, అమెరికా వాళ్ల ఎనిమిది రియాక్టర్ల ఎంటర్‌ప్రైజ్, సేవ ముగించాక దాని లంగరు ఒకటి అబ్రహాం లింకన్ అనే ఓడకి వెళ్లింది. పాత ఓడ నుంచి తీస్తే బాధ లేదు. రిఫిట్‌లో, అంటే పెద్ద మరమ్మతులో, ఉన్న ఓడ నుంచి వాల్వు తెచ్చినప్పుడే చిక్కు. పెట్టిన చోట అందరూ సంతకం చేస్తారు, తీసిన చోట రాయడం మర్చిపోతారు. రిఫిట్ అయ్యాక ఆ పైపు దగ్గర ఖాళీ చూసి ఇంజన్ రూమ్ వాళ్లు మొదట ఫోన్ చేసేది స్టోర్స్‌కే.